ఉక్కపోత ఊళ్లలో డాబాకు చలువ: తరచుగా అడిగే ప్రశ్నలు

మాఘం వెళ్లి ఎండ ముదిరేసరికి కాకినాడ నుంచి, బందరు నుంచి, భీమవరం నుంచి ఏటా ఇవే సందేహాలు వస్తుంటాయి. డాబాకు తెల్లరంగు వేస్తే నిజంగా చల్లబడుతుందా? వేడిని ఆకాశంలోకి పంపే పెయింట్లు మన గాలిలో పనిచేస్తాయా? సున్నం చాలదా? అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాను. ఎక్కువగా కోస్తా ఊళ్లను దృష్టిలో పెట్టుకునే రాశాను, ఎందుకంటే గాలిలో తేమ పెరిగితే ఈ విషయంలో లెక్కలే మారిపోతాయి. కింద కనిపించే వాట్ల అంకెలు మామూలు సూత్రాలతో వేసిన ఉజ్జాయింపులు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదట అర్థం కావలసినవి

కరెంటు లేకుండా ఇల్లు తన వేడిని ఆకాశంలోకి పంపడమేమిటి? నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ప్రతి వస్తువూ కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో వేడిని వదులుతూనే ఉంటుంది. 30 డిగ్రీల దగ్గరున్న స్లాబు చదరపు మీటరుకు 400 వాట్లకు పైగా ఇలా వదులుతుంది. అదే సమయంలో పైనున్న గాలి కూడా కిందికి పరారుణ వేడిని పంపుతుంది. పోయినదానికీ వచ్చినదానికీ ఉన్న తేడాయే మనకు దక్కే చల్లదనం. తేడా ఎందుకు వస్తుందంటే, 8 నుంచి 13 మైక్రాన్ల మధ్య తరంగదైర్ఘ్యం ఉండే కిరణాలను (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పొడి గాలి పెద్దగా అడ్డుకోదు. మన ఇళ్లు, మన ఒళ్లు వదిలే వేడిలో దాదాపు మూడో వంతు ఆ మధ్యలోనే ఉంటుంది. ఆ దారిన వెళ్లింది అంతరిక్షంలోకే పోతుంది.

దీనికి రుజువు మీ వీధిలోనే దొరుకుతుంది. చలికాలంలో ఆరుబయట నిలిపిన కారు కప్పు మీద తెల్లవారేసరికి మంచు పడుతుంది, చెట్టుకింద నిలిపినది పొడిగా ఉంటుంది. గాలి రెండింటికీ ఒకటే. ఆకాశం కనిపించిన కారు గాలికన్నా చల్లబడింది, కొమ్మల కింద ఉన్నది చల్లబడలేదు.

ఇది కొత్తగా కనిపెట్టిందా, పాతదేనా?

రాత్రిపూట జరిగేది చాలా పాతది. 18వ శతాబ్దంలో అలహాబాదులో చలికాలపు రాత్రుళ్లు గుంటల్లో ఎండు చొప్ప పరిచి, దానిమీద లోతులేని మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి తెల్లవారేసరికి ఐసు తీసేవారు. బ్రిటిష్ సైన్యాధికారి రాబర్ట్ బార్కర్ ఆ పద్ధతిని వివరంగా రాస్తే లండన్ రాయల్ సొసైటీ 1775లో అచ్చువేసింది. గాలి నిశ్చలంగా, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లోనే ఐసు బాగా వచ్చేది.

పట్టపగలు ఎండలో కూడా గాలికన్నా చల్లగా ఉండే పైకప్పు మాత్రం కొత్త సంగతి. 2014లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆస్వత్ రామన్ బృందం వెండి పొర మీద హాఫ్నియం ఆక్సైడు, సిలికా పొరలు పేర్చి, ఎండలో 97 శాతాన్ని తిప్పికొట్టే పలకను చేసింది. నేరుగా ఎండ పడుతున్నా అది చుట్టూ ఉన్న గాలికన్నా దాదాపు 5 డిగ్రీలు చల్లగా ఉంది. 2017లో కొలరాడో విశ్వవిద్యాలయంవాళ్లు చిన్న గాజు గోళీలు కలిపిన ప్లాస్టిక్ ఫిల్ముతో అలాంటిదే చేశారు. 2021లో అక్కడి పర్డ్యూ విశ్వవిద్యాలయంవాళ్లు బేరియం సల్ఫేటుతో 98.1 శాతం ఎండను వెనక్కి పంపే పెయింటు చేశారు.

మన కోస్తాలో గాలి నిండా తేమే కదా, ఇక్కడ కూడా అంతే పనిచేస్తుందా?

అంత పనిచేయదు. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు కాబట్టి మనమే గట్టిగా చెప్పుకోవాలి. నీటి ఆవిరి పరారుణ కిరణాలను పీల్చుకుని తిరిగి కిందికి వదులుతుంది. ఆకాశానికీ మన డాబాకూ మధ్య దుప్పటి కప్పినట్టు ఉంటుంది.

రాత్రి గాలి 28 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. కాకినాడలో మే నెల రాత్రి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మబ్బు లేకపోయినా గాలితో సమానమైన వేడిలో ఉన్న డాబా చదరపు మీటరుకు నికరంగా పోగొట్టుకునేది 45, 50 వాట్లే. బాగా పొడిగా ఉండే చోట ఇదే లెక్క 100 దాకా వెళ్తుంది. అంటే మనకు దక్కేది సగం.

ఇంకో అడ్డం కూడా ఉంది. 28 డిగ్రీల గాలిలో 80 శాతం తేమ ఉంటే, 24 డిగ్రీల దగ్గర మంచు పట్టడం మొదలవుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు దానిలోని వేడిని ఆ ఉపరితలానికే ఇస్తుంది. కాబట్టి డాబా ఎంత ప్రయత్నించినా గాలికన్నా నాలుగు డిగ్రీలు దిగేసరికి ఆగిపోతుంది. సముద్రపు గాలి వీస్తుంటే అంత కూడా దిగదు, ఎందుకంటే ఆ గాలి తన వేడిని డాబాకు అంటిస్తూనే ఉంటుంది.

మబ్బు పట్టిన రోజుల్లో?

దట్టంగా మబ్బు పడితే ఈ చల్లదనం దాదాపు సున్నా. కిందికి దిగిన మేఘం దాదాపు నేలంత వేడిగానే ఉండి, మనం పంపినంత వేడినీ వెనక్కి పంపుతుంది. శ్రావణ, భాద్రపదాల ఉక్కకు ఈ పద్ధతి మందు కాదు.

గాలికన్నా చల్లబడనప్పుడు ఇక డబ్బు పెట్టడం దేనికి?

ఈ ప్రశ్నకు జవాబు అర్థమైతే ఎక్కడ డబ్బు పెట్టాలో దానంతటదే తెలిసిపోతుంది. తేమ ఉన్న చోట అసలు లాభం ఆకాశంలోకి పంపే 50 వాట్లలో లేదు, లోపలికి రానివ్వని ఎండలో ఉంది.

మే నెల మధ్యాహ్నం చదరపు మీటరు మీద 900 వాట్ల ఎండ పడుతుందనుకోండి. పాతబడి నల్లగా మారిన సిమెంటు డాబా అందులో 70 శాతం, అంటే 630 వాట్లు పీల్చుకుంటుంది. శుభ్రమైన తెల్ల డాబా 20 శాతం, అంటే 180 వాట్లే పీలుస్తుంది. తేడా 450 వాట్లు. ఆకాశం ఇచ్చేదానికి ఇది తొమ్మిది రెట్లు. గాలి 37 డిగ్రీలున్న రోజున నల్ల డాబా ఉపరితలం 60 దాటిపోతే తెల్లది 43, 45 దగ్గర ఆగుతుంది. సుమారు 20 డిగ్రీల తేడా ఇది, అరికాలు పెడితేనే తెలుస్తుంది.

ఇందులో రాత్రి లాభమూ కలిసే ఉంది. అయిదంగుళాల స్లాబు మధ్యాహ్నం తాగిన వేడి మూడు నాలుగు గంటలు ఆలస్యంగా కిందికి దిగుతుంది. అందుకే రాత్రి తొమ్మిదికి కూడా ఫ్యాను కింద వేడిగాలి వస్తుంది. పగలు వేడి ఎక్కకపోతే రాత్రి దిగేదీ ఉండదు. అప్పుడు ఆకాశం ఇచ్చే ఆ కాస్త చల్లదనం కూడా మిగిలిన వేడిని తొందరగా లాగేయడానికి పనికొస్తుంది.

ఇంట్లో ఎన్ని డిగ్రీలు తగ్గుతుంది?

పై అంతస్తు గదిలో గాలి వేడి మామూలుగా 2 నుంచి 4 డిగ్రీల దాకా తగ్గుతుంది. రేకుల ఇంట్లో ఇంకా ఎక్కువ తగ్గొచ్చు. ‘పది డిగ్రీలు గ్యారంటీ’ అని ఎవరైనా అంటే, వాళ్లు డాబా ఉపరితలం గురించి చెబుతున్నారో గది గురించి చెబుతున్నారో అడగండి. ఒంటికి తెలిసే తేడా మాత్రం థర్మామీటరు చూపించేదానికన్నా ఎక్కువే. కాగిన సీలింగు గాలితో పనిలేకుండా నేరుగా మన నెత్తిమీదికి వేడిని వెదజల్లుతుంది, అది ఆగిపోతుంది.

చెమట, జిడ్డు, ఉక్కపోత పోతాయా?

గాలిలో ఉన్న తేమను ఏ రంగూ తీయలేదు. వేడి తగ్గుతుంది, తేమ అలాగే ఉంటుంది. కాబట్టి ఫ్యాను, ఎదురెదురు కిటికీలు యథాతథంగా కావలసిందే. కాకపోతే సీలింగు కాగిపోయినప్పుడు ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంది. సీలింగు చల్లగా ఉంటే అదే ఫ్యాను గాలి హాయిగా తగులుతుంది.

## నిర్ణయించుకునే ముందు

మాది అపార్టుమెంటులో రెండో అంతస్తు, మాకేం లాభం?

పైన ఇంకో ఇల్లుంటే మీకు నేరుగా లాభం లేదు. పై అంతస్తువాళ్లకే ఉంది. అయినా అసోసియేషన్ ఖర్చుతో చేయించడం న్యాయమే అంటాను. వేడికి వ్యాకోచించి, చల్లబడి ముడుచుకుని స్లాబు పగుళ్లివ్వడం తగ్గితే భవనం అందరిదీ నిలబడుతుంది. మీ ఇంటికైతే పడమటి గోడకు, కిటికీలకు నీడ చూసుకోండి. గోడకు ఆకాశం సగమే కనిపిస్తుంది. అదీ చాలావరకు దిగంతం వైపు, అంటే తేమ మరీ మందంగా ఉండే వైపు. అందుకని గోడల విషయంలో నీడే శరణ్యం.

సున్నం చాలా, కూల్ రూఫ్ పెయింటే (ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటు) కొనాలా?

తాజా సున్నం 80 శాతం దాకా ఎండను తిప్పికొడుతుంది. పరారుణ వేడిని వదలడంలో కూడా ఖరీదైన పెయింటుకు తీసిపోదు. చేతిలో డబ్బు తక్కువుంటే ఏమీ ఆలోచించకుండా సున్నం వేయండి. దాని లోపం మన్నికే. నాలుగు గట్టి వానలకు కడుక్కుపోతుంది, ఏటా మళ్లీ వేయాలి.

మంచి ఎక్రిలిక్ కూల్ పెయింటు నాలుగైదేళ్లు ఉంటుంది. కొంత వాటర్‌ప్రూఫింగూ కలిసొస్తుంది. డాబా మీద తిరగడం, బట్టలారేయడం ఎక్కువైతే తెల్ల టైలు ముక్కలతో చైనా మొజాయిక్ వేయించుకోవడం మేలు. మొదట ఖర్చెక్కువ, తర్వాత దశాబ్దాల తరబడి చూసుకోనక్కర్లేదు. అయితే బరువు పడుతుంది, పాత స్లాబైతే ఇంజనీరుకు చూపించాకే వేయించండి.

పట్టపగలు గాలికన్నా చల్లగా ఉంటాయనే కొత్త రకం ఫిల్ములూ పెయింట్లూ? కోస్తాలో ఆ పని జరగాలంటే ఎండలో 95 శాతానికి పైగా తిప్పికొట్టాలి, ఎందుకంటే ఆకాశం తీసుకునేది 50 వాట్లే. మొదటిరోజు అలా ఉన్నా ఒక వానాకాలం గడిచి పాచి పట్టాక ఉండదు. మామూలు ఇంటికి ఆ అదనపు ధర నేనైతే పెట్టమనను.

పెయింటు డబ్బా మీద ఏం చూడాలి?

మూడు అంకెలు అడగండి. ఎండను తిప్పికొట్టే శాతం, వేడిని వదిలే గుణం, ఎస్‌ఆర్‌ఐ (సోలార్ రిఫ్లెక్టెన్స్ ఇండెక్స్). మొదటిది 0.80 (అంటే 80 శాతం) పైన, రెండోది 0.85 పైన ఉండాలి. ఎస్‌ఆర్‌ఐ అంటే ఆ రెండూ కలిపి కట్టిన లెక్క. ప్రామాణిక నలుపుకు 0, ప్రామాణిక తెలుపుకు 100 అని పెట్టుకున్నారు కాబట్టి మంచి తెల్ల పెయింటుకు 100 దాటొచ్చు కూడా. వీటన్నిటికన్నా ముఖ్యం, మూడేళ్లు ఎండకూ వానకూ ఉంచాక వచ్చిన అంకె. అది చూపించలేని కంపెనీ పెయింటు మన తేమలో ఎలా ఉంటుందో చెప్పలేం. ‘నానో’ అన్న మాటకు ఏ విలువా ఇవ్వకండి.

మాది రేకుల ఇల్లు. సిల్వర్ పెయింటు వేస్తే మెరిసి ఎండను తిప్పికొట్టదా?

తిప్పికొడుతుంది, కానీ వేడిని వదలదు. మెరిసే లోహానికి పరారుణ కిరణాలను వెలువరించే గుణం చాలా తక్కువ. ఎక్కిన కాస్త వేడినీ పట్టుకుని కూర్చుంటుంది. కొత్త జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) తళతళలాడుతున్నా మధ్యాహ్నం చెయ్యి కాలేది అందుకే. అల్యూమినియం పొడి కలిపిన సిల్వర్ పెయింటుదీ చాలావరకు అదే కథ. అదే రేకు మీద తెల్ల పెయింటు వేస్తే ఎండా తిరిగిపోతుంది, వేడీ బయటికి పోతుంది. పల్చటి రేకు కాబట్టి ఫలితం ఆ రోజే తెలుస్తుంది. మొత్తం ఇళ్లలో ఈ పని వల్ల అందరికన్నా ఎక్కువ మేలు జరిగేది రేకుల కింద బతికేవాళ్లకే. ఒక ఊళ్లో పది ఇళ్లకే డబ్బుంటే మొదట రేకుల ఇళ్లకే చేయాలి.

పెంకుటింటికి తెల్లరంగు వేయాలా?

అంత అవసరం లేదు. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. కింద అటకో చెక్క సీలింగో ఉంటే మరీ మంచిది.

సోలార్ ప్యానెళ్లు పెట్టిస్తే రాత్రి ఆకాశం మూసుకుపోదా? చలువ పందిరి సంగతేంటి?

మూసుకుపోతుంది, అయినా పెట్టించండి. రాత్రి పోయేది 50 వాట్ల లోపు, పగలు ఆగేది వందల వాట్ల ఎండ. తేమ ఉన్న చోట నీడదే పైచేయి. ప్యానెళ్లకూ స్లాబుకూ మధ్య గాలి ఆడేంత ఎత్తు ఉండాలి. వాటి కింద, చుట్టూ ఉన్న ఖాళీకి తెల్లరంగు వేయాలి. తాటాకు చలువ పందిరి అయినా, గ్రీన్ నెట్ అయినా ఇదే లెక్క. సాయంత్రం చుట్టేసే వీలుంటే రెండు లాభాలూ దక్కుతాయి.

స్లాబు కింద థర్మోకోల్ సీలింగు చేయిస్తే చాలదా?

ఏసీ గదికి మంచిదే. ఏసీ లేని ఇంటికి మొదట పైన తెల్లరంగు, తర్వాతే కింద థర్మోకోల్. ఎందుకంటే అది పగలు వేడిని దిగనివ్వదు, నిజమే. కానీ రాత్రి స్లాబు చల్లబడ్డాక ఆ చలువనూ గదిలోకి రానివ్వదు.

మాది అరకు దగ్గర. మేమూ వేయించాలా?

వద్దు. లంబసింగి, చింతపల్లి వైపు చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకట్టేది కూడా ఈ ఆకాశపు చలువ వల్లే. ఎత్తులో గాలి పల్చన, రాత్రుళ్లు పొడిగా ఉంటాయి. అక్కడ ఇంటికి వెచ్చదనం కావాలి.

హైదరాబాదులో కూల్ రూఫ్ తప్పనిసరి అంటున్నారు, నిజమేనా?

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2028 దాకా వర్తించే కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి అని అందులో ఉంది. అంతకన్నా చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. రాష్ట్రమంతా కలిపి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పు లక్ష్యంగా పెట్టుకున్నారు, అందులో 200 హైదరాబాదుదే. వేసవిలో హైదరాబాదు గాలి కోస్తాకన్నా పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ రాత్రి చలువ కూడా కొంచెం ఎక్కువే దక్కుతుంది.

## పని జరిగేటప్పుడు

ఏ నెలలో వేయించాలి?

ఫిబ్రవరి, మార్చి. రోళ్లు పగిలే రోహిణి కార్తె దాకా ఆగితే సగం లాభం పోయినట్టే. పైగా కాగిన స్లాబు మీద పెయింటు పట్టకముందే ఆరి పొట్టు లేస్తుంది. పొద్దున్న ఎండెక్కకముందు గానీ సాయంత్రం గానీ వేయించండి.

స్లాబు కారుతోంది, తెల్ల పెయింటు వేస్తే ఆగుతుందా?

ఆగదు. ముందు పగుళ్లు నింపించి, నీళ్లు తూము వైపు పోయేలా వాలు సరిచేయించి, పూర్తిగా ఆరాక వేయించండి. తడి మీద వేస్తే బుడగలొస్తాయి. కారడం ఆపడానికి నల్ల తారు షీటు వేయించి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది, ఎండనంతా అదే తాగేస్తుంది. వేయించక తప్పకపోతే దానిమీదికి అతుక్కునే తెల్ల పూత కూడా వేయించాలి.

సున్నం మేమే కలుపుకుంటాం, జాగ్రత్తలేమిటి?

రాతి సున్నం నీళ్లలో వేస్తే సలసల మరుగుతుంది, కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పిల్లల్ని దూరంగా ఉంచి, కళ్లద్దాలు, చేతికి తొడుగులు వేసుకునే కలపండి. రాత్రంతా నాననిచ్చి, వడగట్టి, జిగురు కలపండి. కొందరు తెల్ల సిమెంటు కూడా కలుపుతారు. ఒకే మందపాటి పూత కన్నా పల్చగా రెండు మూడు పూతలు నిలుస్తాయి. నీలిమందు కలపకండి, అది కంటికి తెల్లగా చూపిస్తుందే గానీ ఎండను పీలుస్తుంది.

పాత సిమెంటు రేకులను గీకి శుభ్రం చేయించాలా?

పొడిగా గీకించకండి. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. తడిపి, మెత్తటి కుంచెతో నెమ్మదిగా కడిగి రంగు వేయాలి. రేకు మీద నేరుగా కాలు మోపకూడదు, పుటుక్కున విరుగుతుంది. కింద కమ్మీలున్న చోట చెక్క పలక వేసుకుని దానిమీద నిలబడాలి.

## వేశాక

ఏడాదికే డాబా నల్లగా పాచి పట్టింది, డబ్బు వృథానేనా?

వృథా కాదు, కడిగితే చాలావరకు తిరిగి వస్తుంది. తేమ ఊళ్లలో తెల్ల డాబాకు పెద్ద శత్రువు ఈ పాచే. వానలు వెనకబడ్డాక ఒకసారి, ఎండలకు ముందు ఒకసారి బ్రష్షుతో రుద్ది కడిగించండి. నీళ్లు నిలిచే పల్లం ఎక్కడుంటే పాచి అక్కడే మొదలవుతుంది, ఆ పల్లం సరిచేయించండి. కొనేటప్పుడు బూజు పట్టని రకం పెయింటు అడగండి.

డాబా మీద వడియాలు పెట్టుకుంటాం, మిరపకాయలు ఎండబోసుకుంటాం. పర్వాలేదా?

పర్వాలేదు, కింద శుభ్రమైన పాత చీరో టార్పాలినో పరవండి. తిండి వస్తువులకు సున్నం అంటకూడదు. డాబా నీళ్లు ట్యాంకులోకి పట్టుకునేవాళ్లు సున్నం వేశాక కురిసే మొదటి వానల నీటిని వదిలేయాలి.

ఎదురింటి పై అంతస్తువాళ్లు కళ్లు జిగేలుమంటున్నాయని గొడవపెడుతున్నారు.

వాళ్లది న్యాయమైన ఫిర్యాదే. నిగనిగలాడే పెయింటు కాకుండా మ్యాట్ రకం వేస్తే వెలుగు ఒక్కచోట కొట్టకుండా చెదిరిపోతుంది.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లితే ఇంకా చల్లబడదా?

పొడి ఊళ్లో చల్లబడుతుంది. ఉక్కపోత ఊళ్లో నీళ్లు త్వరగా ఆవిరి కావు, వచ్చిన ఆవిరి మన చుట్టూనే ఉంటుంది. ఉప్పునీటి బోరైతే అసలు చల్లకండి, పగుళ్లలోంచి దిగి ఇనుము తుప్పు పట్టిస్తుంది.

ఏసీ ఉన్న గదిలో ఏం మారుతుంది?

కరెంటు ఆదా అవుతుంది. ఒక తిరకాసు మాత్రం ఉంది. గదికి వచ్చే వేడి తగ్గితే ఏసీ తొందరగా ఆగిపోతుంది. అది నడిచినంతసేపే తేమ లాగుతుంది కాబట్టి గది చల్లగానే ఉన్నా చెమ్మగా అనిపించొచ్చు. అప్పుడు డ్రై మోడ్‌లో పెట్టండి, లేదా సెట్టింగు 26, 27కు పెంచి ఫ్యాను వేసుకోండి. తర్వాత కొత్త ఏసీ కొనేటప్పుడు తక్కువ టన్ను సరిపోతుందేమో చూడండి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

అన్నిటికన్నా మంచి దారి, డాబా సగానికే ముందు వేయించడం. మబ్బులేని రోజు మధ్యాహ్నం రెండింటికి రెండు సగాల ఉపరితలాన్నీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడండి, అద్దెకో అరువుకో దొరుకుతుంది. అదే రోజు రాత్రి ఎనిమిదికి ఆ రెండు సగాల కింద సీలింగునూ చూడండి. మెరిసే లోహం మీద ఆ థర్మామీటరు తప్పు చూపిస్తుంది, జీఐ రేకైతే కింద ఒక నల్ల టేపు ముక్క అంటించి దానిమీద కొలవాలి. సీలింగులో మూడు నాలుగు డిగ్రీల తేడా కనిపిస్తే రెండో సగం కూడా వేయించేయండి. తేడా ఏమీ లేకపోతే డబ్బా మీది అంకెలనూ, మేస్త్రీ ఎన్ని పూతలు వేశాడన్నదీ మరోసారి చూసుకోవాలి.